కైరో కట్టడాల సంరక్షకుడు మాక్స్ హెర్జ్ పాషా

కైరోను వెయ్యి మీనార్ల నగరమంటారు. క్రీ.శ. 969 (హి. 358)లో ఫాతిమీ సేనాని జౌహర్ ఈ నగరానికి పునాది వేశాడు. ఆనాటి నుండి ఫాతిమీలు, అయ్యూబీలు, మమ్లూకులు, ఉస్మానీలు ఒకరి తరువాత ఒకరు ఇక్కడ మస్జిదులు, మదరసాలు, సూఫీల నివాసాలైన ఖాన్‌ఖాలు, ఆస్పత్రులు, బాటసారుల దాహం తీర్చే సబీళ్ళు కట్టిస్తూ వచ్చారు. ఇన్ని శతాబ్దాల ఇస్లామీ వాస్తుకళను వరుస తప్పకుండా ఒకే చోట చూడగలిగిన నగరాలు లోకంలో బహు కొద్ది.

అయితే ఈ కట్టడాలు ఈనాటిదాకా నిలిచి ఉండడం దానంతటది జరిగిన విషయం కాదు. 19వ శతాబ్ది చివరి పాదం నాటికి వీటిలో చాలా భాగం శిథిలావస్థలో ఉండినవి. వాటిని నిలబెట్టిన ప్రయత్నంలో అనేకుల శ్రమ ఉన్నది. కాని ఆ అనేకులలో అందరికంటే ఎక్కువ కాలం, ఎక్కువ బాధ్యతతో పనిచేసినవాడు హంగరీ దేశం నుండి వచ్చిన ఒక వాస్తుశిల్పి. ఆయన పేరు మాక్స్ హెర్జ్. 1881లో ఆయన కైరో వక్ఫు శాఖలో ఉద్యోగిగా చేరాడు. 1890 నుండి 1914 వరకు నగరంలోని పురాతన కట్టడాల సంరక్షణకు ప్రధాన శిల్పిగా ఉన్నాడు. ఈ వ్యాసంలో ఆయన జీవితాన్నీ, పని విధానాన్నీ వివరించడంతోపాటు, ఆ పని మన ముందుంచే ఒక ప్రశ్నను కూడా పరిశీలిద్దాం. ఒక మస్జిదును కాపాడడమంటే దేనిని కాపాడడం?

"ఇమారత్" అనే మాట

ఉర్దూలో ఇమారత్ అంటే భవనం. అరబీ ఫిఖహ్ గ్రంథాలలో అదే మాటకు భవనాన్ని మంచి స్థితిలో ఉంచడం, మరమ్మతు చేయించడం అని అర్థం. సూరె తౌబా 18వ ఆయతులో మస్జిదుల విషయమై వచ్చిన క్రియ కూడా ఈ ధాతువు నుండి పుట్టినదే. ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు దానికి రెండర్థాలు చెప్పారు. కట్టడం, పాడైతే బాగుచేయడం మొదటిది. నమాజుతో, జిక్రుతో, విద్యతో, జనుల రాకపోకలతో మస్జిదును ఆబాదుగా ఉంచడం రెండవది. గోడలు బాగుండి మనుషులు రాకపోతే ఒక అర్థం పోతుంది. మనుషులుండి పైకప్పు కూలితే మరొక అర్థం పోతుంది.

ఈ రెండర్థాలనూ శతాబ్దాలపాటు కలిపి నడిపించిన వ్యవస్థ వక్ఫు. ఆ రోజుల్లో దాత ఒక మస్జిదు కట్టించి చేతులు దులుపుకొనేవాడు కాదు. దాని పోషణకు పొలాలు, దుకాణాలు, హమ్మాములు, అద్దె ఇళ్ళు వక్ఫు చేసి, వివరాలన్నీ వక్ఫియ్యా అనే దస్తావేజులో వ్రాయించేవాడు. ఇమాముకు ఎంత, ముఅజ్జిన్‌కు ఎంత, విద్యార్థులకు రొట్టె ఎంత, దీపాలకు నూనె ఎంత అన్నది అందులో ఉండేది. ఈ విషయంలో హనఫీ ఫిఖహ్ ఒక గట్టి నియమాన్ని పెట్టింది. వక్ఫు ఆదాయంలో మొట్టమొదటి ఖర్చు మరమ్మతు. దాత ఆ షరతు వ్రాసినా సరే, వ్రాయకపోయినా సరే. తక్కిన పంపకాలు ఆ తరువాతనే. హిదాయా వంటి పాఠ్య గ్రంథాలలో మన మదరసాల విద్యార్థులు ఈనాటికీ చదివే మాట ఇది. మూడవ హిజ్రీ శతాబ్దిలోనే ఇమాం ఖస్సాఫ్ (మరణం హి. 261) వక్ఫు ఆదేశాలపై ప్రత్యేకంగా ఒక గ్రంథం రచించారంటే, ఈ శాస్త్రం ఎంత తొందరగా రూపు దిద్దుకున్నదో ఊహించవచ్చు.

కైరోలో మస్జిదులను ఆనుకొని, కొన్నిచోట్ల మస్జిదుల క్రిందనే, దుకాణాలు కనిపించడానికి కారణం ఇదే. 1160లో సాలిహ్ తలాయీ మస్జిదును ఆనాటి వీధి మట్టానికి ఎత్తున కట్టారు. దాని క్రింద దుకాణాల వరుస ఉన్నది. క్రింద బేరం సాగితే పైన నమాజు సాగేది. క్రింది అద్దె పైకప్పుకు సున్నమయ్యేది.

వ్యవస్థ సడలిపోయిన విధం

1810వ దశకంలో ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ పాషా భూమి శిస్తు విధానాన్ని మార్చే సందర్భంలో మస్జిదులకు ఆధారమైన వ్యవసాయ వక్ఫు భూములను ప్రభుత్వపరం చేసుకున్నాడు. నగరంలోని దుకాణాలు, ఇళ్ళు వక్ఫులుగా మిగిలినా, పోయిన ఆదాయానికి అవి సాటి రాలేదు. మరమ్మతుకు సొమ్ము లేకపోవడంతో చిన్న పగులు పెద్ద పగులయింది. కట్టడం శిథిలమైన కొద్దీ దానిని ఆక్రమించుకొనేవారు ఎక్కువయ్యారు.

దీనికి తోడు కొత్త నగర నిర్మాణం వచ్చింది. ఖదీవు ఇస్మాయీల్ (పాలన 1863–1879) కైరోను పారిసులా చూడాలని ముచ్చటపడ్డాడు. అజ్బకియ్యా నుండి కోట వరకు సుమారు రెండు కిలోమీటర్ల పొడవున తిన్నగా సాగే ముహమ్మద్ అలీ వీధిని 1870వ దశకంలో పాత పేటల మధ్య నుండి కోసుకుంటూ వేశారు. ఆ దారిలో వందల ఇళ్ళతోపాటు మస్జిదులు కూడా పోయినవి. 14వ శతాబ్దికి చెందిన అమీర్ ఖౌసూన్ మస్జిదులో చాలా భాగం ఆ వీధికి బలి అయింది. 1869లో సూయజ్ కాలువ ప్రారంభోత్సవానికి ఐరోపా రాజులు వస్తున్నారని మస్జిదుల రాతి గోడలమీద ఎరుపు, తెలుపు పట్టీలు పూయించారు. నిజమైన రెండు రంగుల రాళ్ళను వరుసలుగా పేర్చి కట్టే అబ్లఖ్ పద్ధతికి ఇది పెయింటుతో చేసిన అనుకరణ.

మరోవైపు కళావస్తువుల వ్యాపారులు సంచులు పట్టుకొని తిరిగారు. ఇబ్న్ తూలూన్ మస్జిదుకు 1296లో సుల్తాన్ లాజీన్ చేయించిన మింబరు పలకలు ఊడి ఐరోపాకు అమ్ముడుపోయినవి. వాటిలో పెక్కు ఈనాడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నవి.

1881 నాటి ఫర్మాను

ఈ పరిస్థితిలో 1881 డిసెంబరు 18న ఖదీవు తౌఫీఖ్ ఒక ఫర్మాను ద్వారా "లజ్నత్ హిఫ్జ్ అల్-ఆసార్ అల్-అరబియ్య"ను, అంటే అరబ్బు పురాతన కట్టడాల సంరక్షణ సంఘాన్ని, స్థాపించాడు. మరుసటి సంవత్సరమే ఈజిప్టు బ్రిటిషు సైన్యాల ఆక్రమణలోకి పోయింది. సంఘం మాత్రం నిలిచింది.

ఈ సంఘం పురావస్తు శాఖకు కాక వక్ఫు మంత్రిత్వ శాఖకు అనుబంధంగా ఏర్పడిందన్న సంగతి గమనార్హం. ఫిరౌనుల కాలపు శిథిలాలకు వేరే శాఖ ఉండేది. మస్జిదులూ మదరసాలూ శిథిలాలు కావు. వాటికి వక్ఫు ఉన్నది, ముతవల్లీలున్నారు, నమాజీలున్నారు. సంఘంలో ఐరోపా వారూ, ఈజిప్టు వారూ కలిసి కూర్చునేవారు. పనిని రెండు భాగాలుగా విభజించుకున్నారు. ఒక ఉపసంఘం కట్టడాల జాబితా తయారు చేయాలి. రెండవ ఉపసంఘం ఒక్కొక్క కట్టడాన్ని పరీక్షించి, ఏ మరమ్మతు అవసరమో నిర్ణయించాలి. 1896లో కిబ్తీ క్రైస్తవుల పురాతన చర్చీలను కూడా సంఘం పరిధిలోకి తెచ్చారు.

హెర్జ్ రాక

మాక్స్ హెర్జ్ 1856లో ఆనాటి హంగరీ రాజ్యంలోని ఒత్లకా అనే గ్రామంలో, ఒక సామాన్య యూదు కుటుంబంలో జన్మించాడు. ఆ గ్రామం ఈనాడు రుమేనియాలో ఉన్నది. ఆయన బుడాపెస్టులోను, వియన్నాలోను వాస్తువిద్య అభ్యసించాడు. చదువు ముగిసిన పిమ్మట 1880లో ఇటలీ మీదుగా ఈజిప్టు యాత్రకు వచ్చాడు. అప్పుడు వక్ఫు శాఖ సాంకేతిక కార్యాలయానికి జర్మను దేశస్థుడు యూలియస్ ఫ్రాంజ్ పాషా అధిపతి. ఆయన ఈ యువకునికి ఉద్యోగమిచ్చాడు. చూసిపోవడానికి వచ్చినవాడు ముప్పది మూడేళ్ళకు పైగా అక్కడే ఉండిపోయాడు.

ఫ్రాంజ్ పదవీ విరమణ తరువాత 1890లో సంఘం ప్రధాన శిల్పి బాధ్యత హెర్జ్‌కు వచ్చింది. కొద్దికాలానికే అరబ్బు కళా మ్యూజియం బాధ్యత కూడా ఆయనదే అయింది. ప్రభుత్వం ఆయనకు మొదట బే, తరువాత పాషా బిరుదునిచ్చింది. 1893లో చికాగో నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో జనాన్ని ఆకర్షించిన "కైరో వీధి"కి నమూనా వేసినవాడు కూడా ఆయనే. కాని ఆయన పేరు నిలిచింది ప్రదర్శనశాలల వలన కాదు, పాత కైరో సందులలో చేసిన నిత్యకృత్యం వలన.

పని విధానం

హెర్జ్ కాలంలో స్థిరపడిన పద్ధతి ఈనాటి సంరక్షణ శాస్త్రానికి కొత్తగా అనిపించదు. ఆ రోజుల్లో అది కొత్తదే. మొదట కట్టడాన్ని జాబితాలో చేర్చి దానికొక సంఖ్య ఇచ్చేవారు. జాబితాకెక్కిన కట్టడాన్ని సంఘం అనుమతి లేకుండా పడగొట్టరాదు. తరువాత కొలతలు తీసి ప్లాను, నిలువుకోత చిత్రాలు గీసేవారు. మరమ్మతుకు ముందు స్థితిని ఫోటోలలో నిలిపేవారు. శిలాశాసనాలను చదివి కట్టించినవాని పేరూ, సంవత్సరమూ నిర్ధారించేవారు. ఏ కట్టడం గురించి ఏమి నిర్ణయించారో, ఎంత ఖర్చయిందో వార్షిక సంపుటాలలో ఫ్రెంచి భాషలో అచ్చు వేసేవారు. ఈనాడు కైరో మీద పరిశోధన చేసే ఎవరైనా ఆ సంపుటాలు తిరగేయక తప్పదు. కూలిపోయిన కట్టడాల విషయంలో కొన్నిసార్లు ఆ చిత్రాలే మిగిలిన సాక్ష్యం.

ఈ పనికి అడుగడుగునా ఎదురైన శాఖ తన్జీమ్, అంటే వీధులు సరిచేసే శాఖ. వీధి వెడల్పు చేయడానికి గీసిన గీత లోపలికి వచ్చిన గోడ ఏదైనా దాని దృష్టిలో అడ్డంకే. ఏ కట్టడానికి సంఖ్య పడింది, దేనికి పడలేదు అన్న కాగితపు విషయం ఒక సబీలు బ్రతుకుతుందా, పోతుందా అన్నది తేల్చేది. వాస్తుశిల్పి వృత్తిలో సుత్తి, తాపీ కంటే జాబితాకు ఎక్కువ బలమున్నదని కైరో అనుభవం చెబుతుంది.

హెర్జ్ చేతి మీదుగా బాగుపడిన కట్టడాలలో దర్బుల్ అహ్మర్ వీధిలోని అమీర్ ఖిజ్మాస్ మస్జిదు ఒకటి. 1480–81లో కట్టిన ఈ మస్జిదు మూడు వీధుల నడుమ ముక్కోణపు స్థలంలో, దుకాణాల మీద నిలిచి ఉంటుంది. పాలరాతి అతుకులు, చెక్కపని, రంగుటద్దాల కిటికీలు మమ్లూకు కాలపు చివరి దశలోని నైపుణ్యాన్ని చూపుతాయి. ఈజిప్టు యాభై పౌండ్ల నోటు మీద కనిపించే మస్జిదు ఇదే.

గుంబజుల సమస్య

పాత కట్టడాన్ని బాగుచేసేటప్పుడు ఎంతవరకు బాగుచేయాలన్నది తేలిక ప్రశ్న కాదు. 19వ శతాబ్ది ఐరోపాలో దీనిమీద రెండు వాదాలుండేవి. ఫ్రాన్సులో వియొలే లె దుక్ పోయిన భాగాలను శాస్త్ర బలంతో తిరిగి కట్టి కట్టడాన్ని సంపూర్ణం చేయాలన్నాడు. ఇంగ్లండులో రస్కిన్ అది అబద్ధమనీ, ఉన్నదానిని జాగ్రత్తగా నిలుపుకోవడమే ధర్మమనీ వాదించాడు. మన భాషలో జీర్ణోద్ధరణ అన్న మాట మొదటి వాదానికి దగ్గర. సంరక్షణ అన్న మాట రెండవదానికి దగ్గర.

హెర్జ్ సందర్భాన్ని బట్టి రెండు దారులలోనూ నడిచాడు. బైనల్ ఖస్రైన్ వీధిలో సుల్తాన్ బర్ఖూఖ్ మదరసా (1384–86) మీది చెక్క గుంబజుకు బదులు 1893లో ఇటుక గుంబజు కట్టారు. దాని సమీపంలోనే సుల్తాన్ ఖలావూన్ నిర్మించిన సముదాయం (1284–85) ఉన్నది. అందులో మదరసా, సమాధి మందిరం, ఆ కాలంలో పేరుపొందిన ఆస్పత్రి చేరి ఉండేవి. సమాధి మీది అసలు గుంబజును 18వ శతాబ్దిలో అబ్దుర్రహ్మాన్ కత్‌ఖుదా తీసివేయించాడు. 20వ శతాబ్ది తొలి దశకంలో సంఘం అక్కడ కొత్త గుంబజు కట్టించింది. ఖలావూన్ కుమారుడు అష్రఫ్ ఖలీల్ సమాధి గుంబజును అందుకు నమూనాగా తీసుకున్నారు. ఈనాడు వీధిలో నిలబడి పైకి చూసేవాడు దానిని 13వ శతాబ్ది గుంబజనే అనుకుంటాడు.

ఇది తప్పా, ఒప్పా? దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. గుంబజు లేని సమాధి మందిరం వానకూ, పక్షులకూ తెరచి ఉంటుంది. లోపలి పాలరాతి పని, గాజు పని పాడవుతాయి. కనుక కప్పు అవసరమే. కాని కప్పుకు ఏ రూపమివ్వాలన్నచోట శిల్పి చరిత్రకారుడై ఊహిస్తున్నాడు. ఆ ఊహకు సాక్ష్యం దగ్గరలోనే ఉన్న సమకాలీన కట్టడం. హెర్జ్‌ను సమర్థించగల విషయమేమంటే, అలా చేసిన పనిని సంఘం అచ్చులో నమోదు చేసింది. పాత రాయేదో కొత్త రాయేదో తెలుసుకోగోరేవారికి దారి మూసుకుపోలేదు.

సుల్తాన్ హసన్ మస్జిదు విషయంలో సమస్య మరింత చిక్కు. 1356 (హి. 757)లో మొదలైన ఈ మహానిర్మాణంలో నాలుగు మజ్‌హబులకు నాలుగు మదరసాలున్నవి. 1361లో ప్రవేశద్వారం మీది మీనారు కూలి సుమారు మూడు వందల మంది మరణించారని చరిత్రకారుడు మఖ్రీజీ వ్రాశారు. దాని కంచు తలుపును 15వ శతాబ్దిలో సుల్తాన్ ముఅయ్యద్ కొని తన మస్జిదుకు పెట్టించుకున్నాడు. అది నేటికీ అక్కడే ఉన్నది. 17వ శతాబ్దిలో మరొక మీనారు, గుంబజు కూలగా ఉస్మానీల కాలంలో తిరిగి కట్టారు. ఇన్ని చేతులు మారిన కట్టడాన్ని ఏ సంవత్సరానికి తిరిగి తీసుకొనిపోవాలి? హెర్జ్ 1899లో ఈ మస్జిదు మీద ఒక పెద్ద గ్రంథం ప్రకటించాడు. తరువాత సంవత్సరాలలో సంఘం దానిని విపులంగా మరమ్మతు చేసింది. 17వ శతాబ్ది గుంబజు మాత్రం అలాగే ఉన్నది. తరువాతి కాలపు ముస్లిములు చేసిన మరమ్మతు కూడా చరిత్రేనన్న విషయం అక్కడ నిలిచింది.

దానికి ఎదురుగా ఉన్న రిఫాయీ మస్జిదు మరొక కథ. ఖదీవు ఇస్మాయీల్ తల్లి ఖుష్యార్ హానిం 1869లో దీనిని మొదలుపెట్టించింది. శిల్పి హుసేన్ ఫహ్మీ పాషా. 1880 ప్రాంతంలో పని ఆగిపోయి, పాతికేళ్ళు అసంపూర్ణంగా ఉండిపోయింది. ఖదీవు అబ్బాస్ హిల్మీ దానిని పూర్తి చేసే బాధ్యత హెర్జ్‌కు అప్పగించాడు. 1911లో పని ముగిసింది. పాత మస్జిదులను మూడు దశాబ్దాలు కొలిచిన చేయి ఇక్కడ కొత్త మస్జిదుకు అలంకరణ చేసింది. కైరోలోని ప్రాచీన కట్టడాలలోని మచ్చులెన్నో లోపలి గోడల మీద కనిపిస్తాయి.

తొలగించిన దుకాణాలు, తరలించిన దీపాలు

ఇప్పుడు మొదట వేసుకున్న ప్రశ్నకు వద్దాం. సంఘం విధానంలో ఒక ముఖ్యాంశం కట్టడాన్ని "విడిపించడం". శతాబ్దాలుగా మస్జిదు గోడలను ఆనుకొని పుట్టిన గుడిసెలను, దుకాణాలను కొని లేదా ఖాళీ చేయించి తీసివేసేవారు. అప్పుడు ముఖభాగం పూర్తిగా కనిపిస్తుంది. గోడకు గాలి తగులుతుంది. నిప్పు భయం తగ్గుతుంది. వీటిలో చాలావరకు అనుమతి లేకుండా వచ్చినవి, మస్జిదుకు హాని చేసినవి కూడా. ఆ మేరకు తొలగించడం న్యాయమే.

కాని మొదటి నుండి మస్జిదుకు అన్నం పెట్టడానికే పుట్టిన దుకాణాలకూ, తరువాత వచ్చి అతుక్కున్న దుకాణాలకూ తేడా ఉన్నది. ఐరోపా విద్యలో పెరిగిన కంటికి ముఖ్యమైనది గోడ అందం. చుట్టూ ఖాళీ ఉంటేనే అది కనిపిస్తుంది. వక్ఫియ్యా వ్రాసినవాని కంటికి ముఖ్యమైనది దుకాణంలోని దీపం. అది వెలిగితేనే మస్జిదులో దీపం వెలుగుతుంది. దుకాణాలు పోయినచోట కట్టడం వీధి నుండి విడిపోయింది. దాని మరమ్మతు ఇక స్థానిక అద్దె మీద కాక కేంద్ర కార్యాలయపు బడ్జెటు మీద ఆధారపడింది. బడ్జెటు ఉన్న సంవత్సరం మస్జిదు బాగుంటుంది; లేని సంవత్సరం ఎదురు చూస్తుంది.

దీపాల విషయం కూడా ఇటువంటిదే. మమ్లూకు సుల్తానులు మస్జిదులకు చేయించిన మీనాకారీ గాజు దీపాలు ప్రపంచ ప్రసిద్ధమైనవి. దొంగల నుండి, దళారుల నుండి కాపాడడానికి వాటిని మస్జిదుల నుండి తీసి మ్యూజియంకు చేర్చారు. ఆ మ్యూజియం మొదట శిథిలమైన హాకిం మస్జిదు ఆవరణలో ఉండేది. 1903 డిసెంబరులో బాబుల్ ఖల్ఖ్‌లోని కొత్త భవనంలోకి మారింది. దాని వస్తువుల పట్టికను వ్రాసినవాడు హెర్జ్. అలా చేయకపోతే సుల్తాన్ హసన్ దీపాలు ఈనాడు ఏయే దేశాలలో ఉండేవో చెప్పలేము. అయినా అద్దాల పెట్టెలోని దీపం భద్రంగా ఉన్నదేగాని వెలగడం లేదు. ఇమారత్‌కు మొదటి అర్థం నెరవేరింది. రెండవ అర్థం మిగిలిపోయింది.

ఈ లోపానికి హెర్జ్ ఒక్కడినే బాధ్యుణ్ణి చేయడం న్యాయం కాదు. వక్ఫు ఆదాయపు పునాది ఆయన పుట్టకముందే దెబ్బతిన్నది. ఆయన ముందున్నవి కూలుతున్న గోడలు, చాలీచాలని సొమ్ము. మనుషులను వెనక్కు తెచ్చే అధికారం శిల్పికి లేదు. గోడను నిలబెట్టే నేర్పు ఉన్నది. ఆయన తనకున్నదానిని వినియోగించాడు.

నిష్క్రమణ

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. హెర్జ్ ఆస్ట్రియా-హంగరీ పౌరుడు. ఈజిప్టు బ్రిటిషు వారి చేతిలో ఉన్నది. శత్రుదేశీయుడన్న కారణం మీద ఆయనను పదవి నుండి తొలగించారు. మూడు దశాబ్దాలకు పైగా ఏ నగరపు గోడలను కొలిచాడో ఆ నగరాన్ని వదలి ఆయన మొదట ఇటలీకి, తరువాత స్విట్జర్లండుకు పోయాడు. 1919 మే నెలలో జ్యూరిక్ నగరంలో మరణించాడు. ఖలావూన్ సముదాయంపై ఆయన వ్రాసిన జర్మను గ్రంథం అదే సంవత్సరం వెలువడింది. సంఘంలో ఆయన స్థానాన్ని ఇటలీ దేశస్థుడు పాత్రికోలో తీసుకున్నాడు. చాలాకాలం మరుగున ఉన్న హెర్జ్ జీవిత వివరాలను హంగరీకి చెందిన అరబీ పండితుడు ఇష్త్వాన్ ఓర్మోష్ 2009లో రెండు సంపుటాలలో ప్రకటించారు.

తరువాతి కాలం

సంఘం 1961 వరకు కొనసాగి, దాని పని పురావస్తు శాఖలో కలిసిపోయింది. ఈలోగా 1952లో ఈజిప్టు ప్రభుత్వం కుటుంబ వక్ఫులను రద్దు చేసింది. 1979లో చారిత్రక కైరోను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1992 అక్టోబరు 12న వచ్చిన భూకంపం అనేక మీనార్లను, గుంబజులను దెబ్బతీసింది. భూగర్భజలం పైకెక్కడం, దానితో ఉప్పు రాతిలోకి ప్రాకి పొరలుగా రాలగొట్టడం నిత్యశత్రువులయినవి. 2014 జనవరిలో మ్యూజియం ఎదుట జరిగిన బాంబు పేలుడు భవనాన్నీ, అందులోని అనేక వస్తువులనూ ధ్వంసం చేసింది. మరమ్మతు తరువాత 2017లో దానిని తిరిగి తెరిచారు.

హెర్జ్ వదలిపెట్టిన ప్రశ్నకు తరువాతివారు వేర్వేరు జవాబులిచ్చారు. హాకిం మస్జిదును మన దేశంలోని దావూదీ బోహ్రాలు తమ ధర్మగురువు సయ్యిద్‌నా ముహమ్మద్ బుర్హానుద్దీన్ ఆధ్వర్యంలో పునరుద్ధరించి 1980లో తిరిగి నమాజుకు తెరిచారు. మెరిసే కొత్త పాలరాయి పాత ఫాతిమీ రూపాన్ని కప్పివేసిందని నిపుణులు విమర్శించారు. శతాబ్దాలుగా పాడుబడి, గిడ్డంగిగా, మ్యూజియంగా ఉండిన ఆవరణలో సజ్దాలు తిరిగి వచ్చాయన్నది మరొక నిజం. ఇక్కడ ఇమారత్ రెండవ అర్థం గెలిచి, మొదటిది కొంత ఓడింది.

మూడవ దారి దర్బుల్ అహ్మర్ పేటలో కనిపించింది. ఆగా ఖాన్ సంస్కృతి ట్రస్టు అక్కడ చెత్త దిబ్బగా ఉన్న స్థలంలో 2005లో అల్-అజ్హర్ పార్కును తెరిచింది. ఆ దిబ్బ క్రింద పూడిపోయిన అయ్యూబీ కాలపు నగర ప్రాకారాన్ని వెలికి తీసింది. మస్జిదులతోపాటు ప్రక్కనున్న పేదల ఇళ్ళ మరమ్మతుకూ, పనివారి శిక్షణకూ సాయపడింది. కట్టడాన్ని పేట నుండి విడిపించడానికి బదులు పేటతో కలిపి నిలబెట్టే ప్రయత్నమిది. ఇదే ట్రస్టు తెలంగాణ ప్రాంతంలో గోల్కొండ సమీపానగల కుతుబ్ షాహీ సమాధుల తోటలో 2013 నుండి పదేళ్ళకు పైగా పనిచేసింది. కనుక కైరోలో తలెత్తిన ప్రశ్నలు తెలుగు పాఠకునికి దూరపువి కావు.

మన పట్టణాలలోనూ పాత మస్జిదులున్నవి, వాటి క్రింద దుకాణాలున్నవి, అద్దెలు వసూలు చేసే ముతవల్లీలున్నారు. స్థలం చాలడం లేదని పాత మస్జిదును పడగొట్టి కాంక్రీటుతో కట్టడం సాధారణమైంది. అటువంటి నిర్ణయానికి ముందు కమిటీలు హెర్జ్ నుండి నేర్చుకోదగినది కష్టమైన విద్య ఏమీ కాదు. కట్టడాన్ని కొలిచి చిత్రం గీయించాలి. ఫోటోలు తీసి ఉంచాలి. శాసనమేదైనా ఉంటే చదివించాలి. పైకప్పు నీరు ఎటు పోతున్నదో చూడాలి. చేసిన ప్రతి మార్పును వ్రాసిపెట్టాలి. ఇక సొమ్ము మాటకు వస్తే హెర్జ్ దగ్గరకు పోనక్కరలేదు. అద్దె వచ్చిన నాడు మొదటి రూపాయి మరమ్మతుకు కేటాయించాలన్నది మన ఫుఖహాలు వెయ్యేళ్ళ క్రితమే తేల్చిన విషయం.